ట్రెడ్ బాగుంది కదా అన్నాను!

నవంబరులో ఒక గురువారం రాత్రి పదకొండున్నరకి ఫోన్ మోగింది. అమెరికాలో ఆ వేళప్పుడు ఫోనొచ్చిందంటే ఇండియా నుంచి కబురైనా అయ్యుండాలి, ఇక్కడ ఎవరి బండైనా ఆగిపోయి ఉండాలి. గుండె దడదడలాడుతుండగా ఫోనెత్తాను.

"అంకుల్, పడుకున్నారా? ఏం లేదు... కారు కొంచెం రోడ్డు పక్కకి పోయింది. నాకేం కాలేదంకుల్."

ఆ "కొంచెం" ఎంతో వెళ్ళి చూస్తేగానీ తెలియలేదు. హైవే మీంచి దిగే ర్యాంపు మలుపులో బండి గిర్రున తిరిగి, వచ్చిన దారికేసి ముఖం పెట్టి, పక్కనున్న గడ్డి పల్లంలో కూర్చుంది. కుర్రాడు పల్చటి జాకెట్టు వేసుకుని, చేతులు చంకల్లో పెట్టుకుని గట్టు మీద నిలబడి ఉన్నాడు. ఇంకో పదడుగులు అవతల పడి ఉంటే అక్కడ ఇనప స్తంభం ఉంది. దాన్ని వాడూ చూశాడు, నేనూ చూశాను. ఇద్దరం దాని ఊసెత్తలేదు.

వాడి పేరెందుకు లెండి, "మావాడు" అనుకుందాం. నా ఇంజనీరింగ్ రూమ్మేట్ కొడుకు, ఖమ్మం. ఎమ్మెస్ అయిపోయి డెట్రాయిట్ చుట్టుపక్కల ఒక ఆటో విడిభాగాల ఫ్యాక్టరీలో ఉద్యోగం. మధ్యాహ్నం షిఫ్టు. ఇంటికి బయల్దేరేసరికి రాత్రి పదకొండు. ఎడ్యుకేషన్ లోను నెలనెలా కడుతున్నాడు. ఇరవై ఏళ్ళుగా మిషిగన్‌లో ఉన్న పెద్దమనిషిని కదా, వాడికి ఏ సందేహమొచ్చినా నన్నే అడుగుతాడు. ఆగస్టులో కారు కొనేటప్పుడు కూడా నన్నే అడిగాడు.

ఎర్ర కారు, రెండే తలుపులు, సెకండ్ హ్యాండు. వెనక చక్రాలతో నడిచే బండి. చూడగానే మనసు పారేసుకున్నాడు. నేను ఇంజను చూశాను, కింద తుప్పు చూశాను, చివరికి టైర్ల దగ్గర కూర్చుని జేబులోంచి పెన్నీ తీశాను. ఇక్కడ అందరూ చేసే పరీక్షే అది. పైసా బిళ్ళ మీద లింకన్ తల కిందకి వచ్చేట్టు టైరు గాడిలో దూరుస్తాం. తల పైభాగం గాడిలో దాక్కుంటే టైరుకి ఇంకా ఆయుష్షు ఉన్నట్టు, మొత్తం బయటికి కనబడితే 1.6 మిల్లీమీటర్ల కంటే అరిగినట్టు. లింకన్ గారు నుదుటి దాకా మునిగారు. "ట్రెడ్ బాగుంది, ఇంకో రెండేళ్ళు చూడక్కర్లేదు," అన్నాను గొప్పగా.

ఎంత అరిగిందో చూశాను గానీ అసలది ఏ రకం టైరో చూడలేదు. అవి సమ్మర్ టైర్లు.

టో ట్రక్కు వచ్చేదాకా వాణ్ణి నా బండిలో కూర్చోబెట్టి హీటరు పెట్టాను. రెండు వందల డాలర్లు వదిలాయి. దారి పొడుగునా వాడు "సారీ అంకుల్" అంటూనే ఉన్నాడు. "మీరు బాగున్నాయన్నారు కదా" అని ఒక్కసారి కూడా అనలేదు. అనుంటే నాకు ఆ రాత్రి నిద్ర పట్టేదేమో.

అసలు సంగతి ఏమిటంటే, టైరు రబ్బరుకి చలి పడదు. సమ్మర్ టైరుని వేడి రోడ్డు మీద పట్టు కోసం తయారు చేస్తారు. సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కిందకి దిగేసరికి అది బిగుసుకుపోవడం మొదలుపెడుతుంది. సున్నా కిందకి వెళ్తే చెక్కముక్కే. మరీ చలిలో నడిపితే పగుళ్ళు రావచ్చని కంపెనీలే హెచ్చరిస్తాయి. ఆ రాత్రి మైనస్ 4. రోడ్డు మీద అరంగుళం స్నో కూడా లేదు. గాళ్ళు ఎంత లోతుంటే ఏం లాభం?

ఇక దాని మీద వెనక చక్రాల బండి. ముందు చక్రాలతో లాగే కార్లలో ఇంజను బరువంతా ఆ లాగే చక్రాల మీదే పడుతుంది. బరువు పడితే పట్టు దొరుకుతుంది. వెనక చక్రాల బండిలో ఇంజను ముందు ఉంటుంది, నెట్టే పని వెనక చక్రాలది, వాటి మీద ఖాళీ డిక్కీ. మలుపులో కాస్త గ్యాసు ఎక్కువైతే వెనక భాగం పక్కకి జారి ముందు భాగాన్ని దాటిపోవాలని చూస్తుంది. మావాడి బండి చేసింది సరిగ్గా అదే. 2012 మోడల్ నుంచి అమెరికాలో కార్లన్నిటికీ ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ తప్పనిసరి, వాడి కారుకీ ఉంది. అది ఏ చక్రానికి ఎంత బ్రేకు వేయాలో చూసుకుంటుంది. కానీ రోడ్డుకీ రబ్బరుకీ మధ్య లేని పట్టుని అదెక్కణ్ణుంచి తెస్తుంది?

మర్నాడు వాట్సాప్ గ్రూపులో సలహాల వర్షం. "రియర్ వీల్ కారు స్నోకి పనికిరాదు, అమ్మెయ్" అన్నవాళ్ళే ఎక్కువ. అమ్మితే నష్టానికి అమ్మాలి, ఇంకోటి కొనడానికి డబ్బుల్లేవు. పైగా ఆ మాట నిజం కూడా కాదు. 1980లకి ముందు అమెరికా రోడ్ల మీద తిరిగిన కార్లలో ఎక్కువ భాగం వెనక చక్రాల బళ్ళే. అప్పుడూ మిషిగన్‌లో స్నో పడింది, అప్పుడూ జనం ఉద్యోగాలకి వెళ్ళారు. బండి మార్చడానికంటే టైర్లు మార్చడానికి ఖర్చు తక్కువ కదా! అందుకని ఇద్దరం కూర్చుని టైర్ల లెక్క మొదలుపెట్టాం. ఈసారి నేను చదువుకుని మరీ కూర్చున్నాను.

మొదటి రకం ఆల్ సీజన్. పేరు చూసి నేనూ ఏళ్ళ తరబడి మోసపోయాను. అన్ని కాలాలకీ పనికొస్తుందనే మాట నిజమే, మూడు పూటలా తినే ఇడ్లీలాగ. ఎముకలు కొరికే చలికి మాత్రం చాలదు. దాని పక్కన "ఎమ్ ప్లస్ ఎస్" అని ఉంటుంది, బురద, స్నో అని అర్థం. గాళ్ళ అమరికని బట్టి వేసే అచ్చు అది. స్నో మీద పరీక్ష పెట్టి ఇచ్చిన సర్టిఫికెట్టు కాదు.

రెండో రకం ఆల్ వెదర్. పేరు దాదాపు ఒకటే, వస్తువు వేరు. దీని పక్కన మూడు శిఖరాల కొండ బొమ్మ, దాని మధ్యలో మంచు రేకు బొమ్మ ఉంటాయి. 1999 నుంచి వాడుకలో ఉన్న గుర్తు. స్నో మీద పరీక్ష నెగ్గితేనే వేస్తారు. ఏడాది పొడుగునా ఉంచుకోవచ్చు. స్నో తక్కువ పడే ఊళ్ళలో, ముందు చక్రాల కార్లకి ఇది చక్కటి రాజీ. అయితే ఆ పరీక్ష ముఖ్యంగా స్నోలో ముందుకి లాగే శక్తిని చూస్తుంది. ఐసు మీద బ్రేకు వేస్తే ఎక్కడ ఆగుతామన్నది వేరే ప్రశ్న.

మూడో రకం అసలు వింటర్ టైర్లు. వీటిక్కూడా ఆ కొండ గుర్తే ఉంటుంది గానీ, రబ్బరు చలిలో కూడా మెత్తగా ఉండేట్టు కలుపుతారు. గడుల మీద బ్లేడుతో కోసినట్టు వందల కొద్దీ సన్నటి గాట్లు ఉంటాయి. ఆ గాట్ల అంచులు ఐసుని పట్టుకుంటాయి. వెడల్పు గాళ్ళలో స్నో ఇరుక్కుంటుంది. స్నోకి స్నో బాగా అతుక్కుంటుంది కదా, చిన్నపిల్లలు ముద్దలు చేసి విసురుకునేది అందుకే. ఇది కొత్త విద్యేమీ కాదు. ఫిన్లాండు వాళ్ళు 1934లోనే లారీల కోసం మొదటి వింటర్ టైరు తీశారు, 1936లో కార్లకి కూడా చేశారు. కెనడాలో క్విబెక్ వాళ్ళయితే డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా ఇవి లేకుండా కార్లు రోడ్డెక్కకూడదని చట్టమే చేశారు. మిషిగన్‌లో అలాంటి చట్టం లేదు. మన బుద్ధే మనకి చట్టం.

వెనక చక్రాల బండి, రాత్రి పదకొండు గంటల ప్రయాణం, మిషిగన్ జనవరి. మూడూ కలిపి చూస్తే మూడో రకమే అని తేలిపోయింది. ధర చూశాక మావాడి ముఖం చిన్నబోయింది.

"అంకుల్, నెట్టేది వెనక చక్రాలే కదా. రెండు కొని వెనకేస్తే సరిపోదా? సగం ఖర్చు తగ్గుద్ది."

తప్పని తెలుసు. ఎందుకు తప్పో వాడికి ఎక్కేలా చెప్పడం నా వల్ల కాలేదు. చెప్పింది మా నాన్నగారు. ఆయన తణుకు దగ్గర పల్లెటూళ్ళో ఉంటారు, స్నో అన్నది టీవీలో తప్ప చూడలేదు. ఆదివారం వీడియో కాల్లో మాటల మధ్య ఈ సంగతి చెబితే నవ్వారు.

"ఒరేయ్, ట్రాక్టరు కూడా వెనక చక్రాల బండే కదరా! దమ్ము చేసేటప్పుడు వెనక చక్రాలకి కేజ్ వీల్స్ కడతాం, బురదలో నెట్టడానికి. ముందు టైర్లు నున్నగా అరిగిపోయాయనుకో, స్టీరింగు తిప్పితే బండి తిరుగుద్దా? వెనకవి నెడతానే ఉంటాయి, ముందువి జారతానే ఉంటాయి, తిన్నగా పోయి గట్టెక్కుద్ది. నెట్టేదానికి ఎంత పట్టు కావాలో, తిప్పేదానికీ అంతే కావాలి."

నాన్నగారు చెప్పంది ఒకటే మిగిలింది, ఆపడం. బ్రేకు వేసినప్పుడు బరువంతా ముందుకి వాలుతుంది, అంటే ఆపే పని ఎక్కువగా ముందు టైర్లదే. వెనక మాత్రమే మంచి టైర్లు వేస్తే బండి ఝామ్మని బయల్దేరుతుంది, ఆ ధైర్యంతో మనం వేగం పెంచుతాం, తీరా సిగ్నల్ దగ్గర ఆగదు. ముందు చక్రాల కార్లకి ముందు రెండే వేయించే వాళ్ళూ ఉన్నారు. అప్పుడు ఆగబోతే వెనక భాగం తిరిగిపోతుంది. ఏ బండికైనా నాలుగూ ఒకటే రకం ఉండాలి.

ఫోను పెట్టేశాక మావాడితో అన్నాను. "ముందు రెండూ నావి, వెనక రెండూ నీవి." వాడు వద్దంటే వద్దన్నాడు. "అప్పుగా రాసుకోండంకుల్" అన్నాడు. అప్పు కాదురా, నా పెన్నీ పరీక్షకి జరిమానా అన్నాను. నవ్వాడు, ఒప్పుకున్నాడు.

టైర్ల షాపులో తల నెరిసిన మెకానిక్ ఒకాయన ఇంకో రెండు మంచి మాటలు చెప్పాడు. మావాడి బండికి 19 అంగుళాల రిమ్ములు, వెనకవి మరీ వెడల్పు, ముందువి కాస్త సన్నం. చూడ్డానికి బాగుంటుంది గానీ వెడల్పు టైరు స్నో మీద తేలుతుంది, సన్నటిది స్నోని కోసుకుని కిందకి దిగుతుంది. అందుకని 17 అంగుళాల పాత రిమ్ములు వెతికి, నాలుగింటికీ ఒకే సైజు టైర్లు వేయించాం. రిమ్ము చిన్నదైతే టైరు గోడ ఎత్తు పెరుగుతుంది, మొత్తం చక్రం ఎత్తు మారదు. గుంతల దెబ్బలకీ అదే మంచిది. అయితే ఎంత చిన్న రిమ్ము పడుతుందన్నది బ్రేకు సైజుని బట్టి ఉంటుంది, ముందే సరిచూసుకోవాలి. వేరే రిమ్ములుంటే ఏటా రెండుసార్లు టైరు ఊడదీసి ఎక్కించే ఖర్చు కూడా తప్పుతుంది.

రెండోది తారీఖు. టైరు పక్కన డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే నంబరు చివర నాలుగంకెలుంటాయి. 3524 అని ఉంటే 2024లో 35వ వారంలో తయారైందని అర్థం. రబ్బరు వాడకపోయినా వయసుతో గట్టిపడుతుంది. సెకండ్ హ్యాండులో చవగ్గా దొరికే వింటర్ టైర్ల ముచ్చట చాలావరకు ఈ నాలుగంకెల దగ్గరే తేలిపోతుంది. లోతు కూడా చూడండి. చట్టం 1.6 మిల్లీమీటర్ల దాకా ఒప్పుకుంటుంది గానీ, 4కి తగ్గిన టైరు స్నో పని నుంచి రిటైరైనట్టే.

అన్నీ కలిపి వెయ్యి డాలర్లకి కాస్త పైనే అయింది. అయితే ఈ నాలుగూ రోడ్డు మీదున్న నాలుగు నెలలూ పాత నాలుగూ అరగవు. ఆ లెక్కన ఖర్చు కొంత వెనక్కి వచ్చినట్టే.

డిక్కీలో ఇసక బస్తా వేయమని పాత కాలం వాళ్ళు చెబుతారు. వెనక ఇరుసు మీద కాస్త బరువు పడితే బయల్దేరడం తేలికవుతుంది, ఇరుక్కున్నప్పుడు ఆ ఇసకే చక్రాల కింద చల్లుకోవచ్చు. మన ఊళ్ళో అంబాసిడర్ బురదలో దిగబడితే ఇద్దర్ని వెనక ఎక్కించి, చక్రం కింద గోనె సంచి వేసేవాళ్ళం, అదే సూత్రం. ఒక బస్తా వేసి, కదలకుండా కట్టాం. బరువు ఎక్కువైతే ఆపడం కష్టమవుతుంది కాబట్టి అతి పనికిరాదు. ఇసక టైరుకి సాయమే, టైరుకి బదులు కాదు.

డిసెంబరు మొదటి స్నో పడ్డ ఆదివారం ఉదయం ఖాళీ పార్కింగ్ లాటుకి తీసుకెళ్ళాను. గంటకి ఇరవై మైళ్ళ వేగంలో బ్రేకు గట్టిగా తొక్కి, ఏబీఎస్ కాలి కింద గడగడలాడుతున్నా వదలకుండా పట్టుకోవడం నేర్పాను. వెనక భాగం జారితే బ్రేకు మీద పడిపోకుండా గ్యాసు మీంచి కాలు తీసి, ఎటు వెళ్ళాలో అటు చూస్తూ స్టీరింగు అటే తిప్పాలని చెప్పాను. చెప్పడం తేలికే. పదిసార్లు చేశాకే వాడి చేతులకి తెలిసింది.

చివర్లో సరదాగా నా బండితో పోటీ పెట్టాం. నాది నాలుగు చక్రాలూ లాగే ఎస్‌యూవీ, ఆల్ సీజన్ టైర్లు. బయల్దేరడంలో నేనే ముందు. ఇద్దరం ఒకే గీత దగ్గర, ఒకే వేగంలో బ్రేకు వేశాం. వాడు ఆగాడు. నేను వాణ్ణి దాటుకుంటూ వెళ్ళి, ఒక కారు పొడుగు అవతల ఆగాను. వాడు కిటికీ దించి ఏమీ అనకుండా చూశాడు. నాలుగు చక్రాలూ లాగితే కదలడం తేలిక, ఆపడానికి టైరే దిక్కు. ఇరవై ఏళ్ళ నా అనుభవానికి ఆ కారు పొడుగు జాగా చాలా పెద్దదిగా కనబడింది. మర్నాడే నా బండికీ నాలుగు ఆర్డరు పెట్టాను.

మంచి టైర్లున్నాయని మంచుతో పందెం కాయకూడదు. 2015 జనవరి 9న మా రాష్ట్రంలోనే, కలమజూకి దగ్గర్లో ఐ-94 హైవే మీద ఎదర కనబడని స్నోలో 190కి పైగా బళ్ళు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. అలాంటి రోజు ఏ టైరూ కాపాడదు, ఇంట్లో ఉండటమే మందు. మావాడు ఇప్పుడు స్నో ఎక్కువైతే ఫ్యాక్టరీ దగ్గరున్న స్నేహితుడి గదిలో పడుకుంటున్నాడు.

మొన్న వాడి అమ్మ ఖమ్మం నుంచి ఫోన్ చేసింది. "అన్నయ్యా, మావాడి బండికి టైర్లు మార్పించారంట కదా. మీరు దగ్గరుండి అన్నీ చూసుకుంటున్నారు, మాకు బెంగ లేదు." పల్లం సంగతి వాడు ఇంట్లో చెప్పలేదని అప్పుడర్థమైంది. "అయ్యో, అదెంత పనమ్మా" అన్నాను. అంతకంటే మాట రాలేదు.

అందుకే ఇది రాస్తున్నాను. ఇది చదివేవాళ్ళలో చాలామంది పిల్లలు మిషిగన్‌లోనో, మినసోటాలోనో, టొరంటోలోనో ఉండి ఉంటారు. కొందరి దగ్గర సెకండ్ హ్యాండు వెనక చక్రాల కార్లు ఉంటాయి. కొత్త ఎలక్ట్రిక్ కార్లలో కూడా వెనక చక్రాలవి ఉన్నాయి. వాటిలో గ్యాసు మీంచి కాలు తీయగానే మోటారు ఆ వెనక చక్రాలనే పట్టి ఆపుతుంది కాబట్టి, జారే రోడ్డు మీద ఆ సెట్టింగు తగ్గించుకోవాలి.

ఈసారి ఫోన్లో "తిన్నావా" అని అడిగాక ఇంకో మూడు ప్రశ్నలు అడగండి. టైరు పక్కన కొండా మంచు రేకూ ఉన్న గుర్తు ఉందా? నాలుగింటికీ ఉందా? చివరి నాలుగంకెలు ఎంత? గాలి సంగతి కూడా గుర్తు చేయండి. 10 డిగ్రీల ఫారెన్‌హీట్ చలి పెరిగితే సుమారు ఒక పౌండు గాలి తగ్గుతుంది. "మీకెందుకమ్మా ఇవన్నీ" అని విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

ఏప్రిల్ వచ్చాక మావాడి వింటర్ టైర్లు విప్పాలి. ఎండ రోడ్డు మీద ఆ మెత్త రబ్బరు ఇట్టే అరిగిపోతుంది. కేజ్ వీల్స్‌తో ట్రాక్టరుని తారు రోడ్డెక్కించకూడదు కదా, ఇదీ అంతే. దాచుకోవడానికి వాడి అపార్ట్‌మెంటులో చోటు లేదు. మా గ్యారేజీలో ఒక మూల ఖాళీ చేసి ఉంచాను. నావి నాలుగు, వాడివి నాలుగు.